చుట్టం గారి కొలతలు

సెప్టెంబర్ 2, సోమవారం. ఉదయం

నాకు అక్షరం రాదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ ఎత్తిపొడవడానికి ఉండదు. చెప్పేది నేను, రాసేది పై వాటాలో ఉండే టైపమ్మ. కోర్టులో ముప్ఫై నాలుగేళ్లు లోకంలోని తగాదాలన్నీ టైపు కొట్టి రిటైరైన మనిషి. నేను ఎంత అడ్డదిడ్డంగా చెప్పినా ఇస్త్రీ చేసి రాస్తుంది. నేను ఒక్కటే షరతు పెట్టాను: మడతలు పోవాలి గానీ గుడ్డ మారకూడదు. ఆవిడ రెండు పెట్టింది. తారీఖు లేని మాట కేసుకు పనికిరాదట, అందుకని ముందు తారీఖు. ఒకసారి రాశాక కొట్టివేత ఉండదట. సరే అన్నాను. ఇది ఎవరికీ చూపించేది కాదు. అవసరం పడితే అప్పుడు చూద్దాం.

కేసు ఇది. మా అమ్మాయీ అల్లుడూ విడిగా ఉండబట్టి ఏడాదిన్నర. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. ఒకే ఇంట్లో ఇమడలేకపోయారు, అంతే. వాళ్లకో పాప. ఆరేళ్లు. పాప తల్లి దగ్గర ఉంటుంది, తల్లి నా దగ్గర ఉంటుంది. శనివారం పొద్దున తండ్రి వచ్చి తీసుకెళ్తాడు, ఆదివారం సాయంత్రం దింపుతాడు. ఇప్పుడు బుధవారం కూడా కావాలంటున్నాడు. బుధవారం బడి నుంచే తీసుకెళ్లి, రాత్రికి ఉంచుకుని, గురువారం పొద్దున మళ్లీ బడిలో దింపుతాడట. మా అమ్మాయి ఆలోచిద్దాం అంది. నేను వద్దన్నాను. నన్నెవరూ అడగలేదు. అయినా అన్నాను.

నా వాదన రాయి టైపమ్మా. వారానికి రెండు రోజులు వచ్చిపోయేవాడు తండ్రి కాదు, చుట్టం. చుట్టానికి మర్యాద చేస్తాం. బిడ్డను వాటా వేసి ఇవ్వం.

వాళ్లిద్దరూ ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నారు. ఆవిడ చెరో ఫారం ఇచ్చింది. బిడ్డను పెంచే పనిని తల్లీ తండ్రీ ఎంత బాగా పంచుకుంటున్నారో కొలిచే స్కేలట. ముప్ఫై రెండు ప్రశ్నలు. ఇరవై అయిదో తారీఖున కూర్చోబెట్టి ఏం తేలిందో చెబుతుందట. దాన్ని బట్టి బుధవారం సంగతి తేల్చుకుంటారు.

నలభై ఐదేళ్లు మిషను తొక్కాను. పొత్తిళ్లలో బిడ్డ చొక్కా దగ్గర్నుంచి పోలీసు యూనిఫాం దాకా నేను కొలవని ఒళ్లు లేదు. పెంపకాన్ని కొలిచే టేపు ఎక్కడ దొరుకుతుందో, దాని మొదలు ఎక్కడ పట్టుకుని చివర ఎక్కడికి లాగుతారో నాకు తెలియాలి. కోపం సంగతి తర్వాత. ముందు ఇది తెలియాలి.

అదే రోజు, మధ్యాహ్నం

ఫారంలో అమ్మమ్మ అనే మాట ఎక్కడా లేదట. టైపమ్మ చేత రెండుసార్లు చదివించాను.

సెప్టెంబర్ 4, బుధవారం

మా అమ్మాయి వంటింటి బల్ల మీద కూర్చుని ఫారం నింపింది. అది కళ్లద్దాల షాపులో పని చేస్తుంది. పొద్దస్తమానం జనాల చూపు కొలిచి కొలిచి వస్తుంది కాబట్టి కొలతలంటే దానికి భయం లేదు. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కాజాలు కుడుతూ కూర్చున్నాను. పైకి చదువుతూ నింపమన్నాను. ఇది నీ ఫారం కాదు కదమ్మా అంది. నీ చెవులు కుట్టేటప్పుడు నా ఎదురుగానే కుట్టారు అన్నాను. దానికీ దీనికీ సంబంధం లేదు గానీ చదివింది.

బిడ్డ గురించి నేను తీసుకున్న నిర్ణయాన్ని రెండో వారు గౌరవిస్తారు. బిడ్డకు జబ్బు చేస్తే ఏం చేయాలో ఇద్దరం మాట్లాడుకుంటాం. నా పెంపకంలో మంచిని రెండో వారు చూస్తారు. ఇలా ఉంటాయి. ప్రతి మాట కిందా సున్నా నుంచి ఆరు దాకా అంకెలు. అసలు కాదంటే సున్నా, ముమ్మాటికీ అవునంటే ఆరు. నచ్చిన అంకె చుట్టూ గుండ్రంగా గీత గీయాలి.

గౌరవించడానికి నాలుగు చుట్టింది. నాలుగంటే ఏంటే అని అడిగాను. ఉండాల్సినంత లేదు, లేదనడానికీ లేదు అంది. అలా కొలత చెబితే చొక్కా కుట్టగలనా? నాలుగుకీ నాలుగున్నరకీ మధ్య ఒక వేలు పడుతుంది. ఆ వేలు తప్పితే చంకలో పట్టేస్తుంది. అదే అన్నాను. నవ్వింది.

ఒక ప్రశ్న దగ్గర మాత్రం ఆలోచించలేదు. 'బిడ్డ ముందు రెండో వారిని తక్కువ చేసి మాట్లాడతాను.' చదవడం, సున్నా చుట్టడం ఒకేసారి అయిపోయాయి. నాకు గర్వంగా అనిపించింది. నా పెంపకం.

సెప్టెంబర్ 5, గురువారం

వాళ్ల స్కేలు వాళ్లది. నాదొకటి మొదలుపెట్టాను.

అంకెలు రానిదానివి ఇన్నేళ్లు కొలతలెలా దాచావు వదినా అని టైపమ్మ అడిగింది. చూపించాను. మనిషికో గుడ్డ ముక్క, వేలెడు వెడల్పు, మూరెడు పొడుగు. భుజానికి నిలువు గాటు, ఛాతీకి ఏటవాలు గాటు, నడుముకి రెండు పక్కపక్కన. ముక్క కొసకి ఆ మనిషి బట్టలోంచి చిన్న పీలిక కుడతాను, ఎవరిదో తెలియడానికి. ఒక్క కొలతా తప్పిపోలేదు. చచ్చిపోయిన వాళ్ల ముక్కలు కూడా ఉన్నాయి నా దగ్గర.

ఇప్పుడు రెండు ముక్కలు తీశాను. నీలంది తండ్రికి, పసుపుది తల్లికి. పాప కోసం ఎవరు ఏది చేస్తే వాళ్ల ముక్క మీద ఒక గాటు. ముద్దులకీ బొమ్మలకీ గాట్లు లేవు, అవి ఎవరైనా చేస్తారు. పళ్లు తోమించడం, జ్వరంలో పక్కన కూర్చోవడం, బడి కాగితం మీద సంతకం, మారాం చేస్తే ఓర్చుకోవడం, ఇలాంటివి.

కక్షిదారే కొలుస్తానంటే జడ్జి ఒప్పుకోడు వదినా అంది టైపమ్మ. జడ్జి ఎవరు ఇక్కడ అన్నాను.

సెప్టెంబర్ 7, శనివారం. పది గంటలకు

తండ్రి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పైకీ కిందకీ తిరగడమే గానీ ఒక చోట నిలవని ఉద్యోగం. ఎప్పటిలాగే లోపలికి కేకేశాను: "పాపా, చుట్టం గారొచ్చారు. మంచినీళ్లు పట్రా." ఆయనా ఎప్పటిలాగే నవ్వాడు. పాప రెండు చేతులతో గ్లాసు తెచ్చి ఇచ్చి, ఆయన తాగేదాకా గోడ పక్కన బుద్ధిగా నిలబడింది. నేను నేర్పించిన మర్యాదే. చూస్తుంటే ముచ్చటేసింది.

బయల్దేరతాడనుకుంటే మెట్ల మీద కూర్చున్నాడు. జేబులోంచి గోళ్లు తీసే కట్టర్ తీశాడు. పాప పక్కన చతికిలబడి చెయ్యి చాచింది. పదివేళ్లూ, తర్వాత కాళ్లవీ. గోరు పడిన చోటల్లా కాగితంలోకి ఏరాడు.

గోళ్లు మా అమ్మాయి తీస్తుందనుకుంటున్నాను ఏడాదిన్నరగా. అడిగితే చెప్పాడు. గోళ్లు తన వంతట, జుట్టు కత్తిరించడం తల్లి వంతట, ఇద్దరూ మొదట్లోనే అనుకున్నారట. అనుకున్నారు సరే, ఇంట్లో నేనొకదాన్ని ఉన్నాను కదా, నాకు ఎవరూ చెప్పలేదే.

నీలం ముక్కకు ఒక గాటు. కత్తెర కదలనంటే కదిలించాను.

సెప్టెంబర్ 8, ఆదివారం. సాయంత్రం

పాప తలకు రెండు జడలు. పాపిట సుద్దముక్కతో గీసినంత తిన్నగా ఉంది. ఎవరు వేశారంటే నాన్న అంది. కాస్త వంకరగా ఉన్నా బాగుండేది. నీలానికి ఇంకో గాటు.

సెప్టెంబర్ 11, బుధవారం

టైపమ్మ లెక్కపెట్టింది. పసుపు పద్నాలుగు, నీలం పదకొండు. ఆయన చేతిలో ఉన్నవి వారానికి రెండు రోజులే. అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండాలి. మండలేదు. ఎలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

సగం సంగతి సాయంత్రం తెలిసింది. మా అమ్మాయి రోజూ ఏడింటికి ఫోన్ పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడుతుంది. షాపు వాళ్లతో అనుకునేదాన్ని. ఇవాళ పాపకు దగ్గుగా ఉందని చెబుతుంటే విన్నాను. షాపు వాళ్లకు పాప దగ్గుతో పనేంటి? పెట్టేశాక అడిగాను. పాప వాళ్ల నాన్న అంది, రోజూ ఆయనేగా అంది. ఆవిరి పట్టమని ఆయన అన్నాడట, డాక్టర్‌కి చూపిద్దామని ఇది అందట, ఈ రాత్రికి ఆవిరి, రేపటికి తగ్గకపోతే డాక్టర్, మందులు ఆయన తెస్తాడు. మూడు నిమిషాల్లో తేలిపోయింది. గొంతు పెంచింది లేదు, పాతవి తవ్వుకుంది లేదు.

మొగుడూ పెళ్లాలుగా ఉన్నప్పుడు ఇలా మాట్లాడుకోవచ్చు కదే అన్నాను. అప్పుడు మాట్లాడటానికి ఇంకా చాలా ఉండేవి కదమ్మా అంది. ఈ జవాబును తిరగేసి బోర్లేసి చూశాను. ఇంకా పూర్తిగా అంతుపట్టలేదు.

నేనూ మా ఆయనా ముప్ఫై ఏళ్లు ఒక కప్పు కింద ఉన్నాం. మంచివాడే. చెయ్యెత్తలేదు, ఇల్లు విడిచి పోలేదు. కానీ అమ్మాయి ఏ క్లాసులో ఉందని ఎవరైనా అడిగితే నా వైపు చూసేవాడు. మమ్మల్ని ఎవరూ కొలవలేదు. ఒక ఇంట్లో ఉంటే కలిసి పెంచుతున్నట్టే లెక్క.

ఆయన కోసం కూడా ఒక ముక్క తీశాను. గోధుమ రంగుది. రాత్రి భోజనాల దాకా గుర్తు చేసుకుంటూనే ఉన్నాను.

సెప్టెంబర్ 12, గురువారం

మా ఆయనకు రెండు గాట్లు దొరికాయి. రెండోది ఉదారంగా వేశాను.

సెప్టెంబర్ 16, సోమవారం

కౌన్సెలర్ పాపను కూడా చూడాలందట. మా అమ్మాయికి సెలవు దొరక్క నేను తీసుకెళ్లాను. మూడో అంతస్తు. వరండాలో బెంచీ, నీళ్ల డబ్బా, గోడ మీద ఆగిపోయిన గడియారం. పాప లోపల, నేను బయట. తలుపుకి సగం అద్దం ఉంది గానీ అది మబ్బుగా ఉండే అద్దం. అరగంట సేపు బొమ్మ కదిలినట్టు ఇద్దరూ కదలడమే కనిపించింది.

తర్వాత నన్ను పిలిచింది. చిన్నదే, మా అమ్మాయి వయసు. స్కేలు చూపిస్తారా అమ్మా అని అడిగాను. అవే కాగితాలు తీసింది. ఇదేనా, దీన్ని కొలిచే చెక్కది ఇంకోటి ఉంటుందనుకున్నాను అంటే నవ్వి, కుర్చీ దగ్గరికి లాక్కుని చక్కగా చెప్పింది. నింపేటప్పుడు ఒకరు రాసింది ఇంకొకరికి చూపించరట. ఇద్దరివీ వచ్చాక, ఒకరు తన గురించి చెప్పిందీ ఇంకొకరు వాళ్ల గురించి చెప్పిందీ పక్కపక్కన పెడతారట. ఎక్కువ మార్కులా తక్కువా అన్నది కాదట ముఖ్యం, ఎక్కడ ఒకరి మాటకు ఒకరి మాట అతకలేదో అక్కడ చూస్తారట.

అది చెప్పగానే నాకు అర్థమైపోయింది. చెయ్యి ముక్కనూ ఒంటి ముక్కనూ అతికేటప్పుడు ఎక్కడ గుడ్డ మిగిలి ముడత పడుతుందో అక్కడే తప్పుంది. మంచి పని చేస్తున్నావు కూతురా అనుకున్నాను మనసులో. ఆవిడ మీద గౌరవం పుట్టింది.

అప్పుడు అడిగింది. మీ ఇంట్లో చుట్టం అంటే ఏమిటండీ అని.

పాప బొమ్మ వేసిందట. చూపించింది. ఇల్లు, మంచం, మంచం మీద అమ్మ, నేను, తను. గుమ్మం అవతల సంచీ పట్టుకుని ఒక పొడుగు మనిషి. ఇదెవరు అంటే నాన్న అందట. నాన్న నీకేమవుతారు అంటే మా చుట్టం అందట. కొందరు బంధువుని చుట్టం అంటారు, కొందరు ఇంటికొచ్చి వెళ్లిపోయే వాళ్లని చుట్టం అంటారు, మీరెలా వాడతారు అని అడిగింది.

నేను తడుముకోలేదు. "తండ్రి బంధువు కాక పరాయివాడా తల్లీ?" అన్నాను.

ఆవిడ రాసుకుంది.

అబద్ధం కాదది. ఆ మాటకు ఆ అర్థం ఉంది.

సెప్టెంబర్ 18, బుధవారం

మా అమ్మాయి కౌన్సెలర్ దగ్గర్నుంచి వచ్చి చెప్పులు విప్పకుండా వంటింట్లోకి వెళ్లి నిలబడింది. అక్కడే చెప్పింది.

ఒక తేడా కనబడిందని, ఇరవై అయిదు దాకా ఆగకుండా ఇద్దర్నీ ఇవాళే పిలిచిందట. ముప్ఫై రెండు ప్రశ్నల్లో ముప్ఫై ఒకటి అతికాయట. ఇంత బాగా అతికిన జంటలు కలిసి ఉండేవాళ్లలో కూడా తక్కువేనందట కౌన్సెలరమ్మ. ఒక్కటి అతకలేదు. బిడ్డ ముందు తక్కువ చేసి మాట్లాడటం. నేను ఆయన్ని తక్కువ చేయను అని ఇది సున్నా చుట్టింది. ఆమె నన్ను తక్కువ చేస్తుంది అని ఆయన నాలుగు చుట్టాడు. ఒకటి కాదు, రెండు కాదు, నాలుగు. పాప నోట్లో ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది, ఊరికే పుడుతుందా అన్నాడట.

కోప్పడి ఉంటే మా అమ్మాయి కూడా కోప్పడేది. కోప్పడలేదట. కంపెనీ వాళ్లు వేరే ఊరికి వెళ్తావా అని అడుగుతున్నారట, రైల్లో తొమ్మిది గంటల ప్రయాణం. పాప కోసం ఇన్నాళ్లూ వద్దంటున్నాడట. నా స్థానం ఇంతే అని మీ ఇంట్లో తేలిపోయి ఉంటే ఈ బుధవారం కోసం దేవులాడను, వెళ్లిపోతాను, నెలకోసారి వస్తాను, మీరు పెట్టిన పేరే నిజం చేస్తాను అన్నాడట. ఇరవై అయిదున చెబుతాడట.

"నేను అనలేదమ్మా," అంది. "ఒక్కసారి కూడా. నువ్వెప్పుడైనా విన్నావా?"

"లేదు," అన్నాను.

అదీ అబద్ధం కాదు. అది అనగా నేను వినలేదు.

నేను అడిగిందేంటి? బుధవారం వద్దని. బుధవారం లేదు, శనీ ఆదివారాలు కూడా లేవు. నా కేసు నేను గెలిచాను. టైపమ్మ ఈ ముక్క రాస్తూ తలెత్తలేదు.

సెప్టెంబర్ 19, గురువారం

టైపమ్మ వచ్చింది. తారీఖు మాత్రం వేయమన్నాను.

సెప్టెంబర్ 20, శుక్రవారం. రాత్రి

బడి నుంచి వచ్చి పాప సంచీ సర్దుకుంటోంది. పళ్లు తోముకునే బ్రష్షు, ఒక గౌను, ఒంటి కన్ను ఎలుగుబంటి. ఎక్కడికే అంటే రేపు నాన్న వస్తాడుగా అంది. ఒక్కరాత్రికి ఎలుగుబంటి ఎందుకన్నాను. సంచీ మూస్తూ అంది:

"నాన్న మనింట్లో ఉండకూడదు కదా అమ్మమ్మా. చుట్టాలు ఉండిపోరుగా. అందుకని దీన్ని అక్కడ ఉంచేస్తాను, తోడుకి."

చుట్టాలు ఉండిపోరు. అది నా మాట. ఎప్పుడన్నానో గుర్తు లేదు గానీ మాట నాదే, వరస కూడా నాదే.

పాప పడుకున్నాక టైపమ్మను పిలిచి మొదట్నుంచీ చదవమన్నాను. ఏడో తారీఖు దగ్గరికి వచ్చింది. చుట్టం గారొచ్చారు, మంచినీళ్లు పట్రా. చదివి ఆగింది. ఆ మాట కొట్టెయ్ అన్నాను. కొట్టివేత ఉండదన్నాం వదినా అంది. పోనీ 'నాన్న' అని మార్చు అన్నాను. గుడ్డ మారకూడదన్నావు వదినా అంది. గొప్ప మనిషి. ఒక్క మాట తక్కువ మాట్లాడి చంపేస్తుంది.

ఇంకో ముక్క తీశాను. ఎర్రది, నాది. ఏడాదిన్నరలో ఎన్ని శనివారాలు ఉంటాయని అడిగాను. డెబ్బై ఎనిమిది అంది. నాకు జ్వరమొచ్చిన వారం ఒకటి తీసెయ్యమన్నాను. మిగిలిన వాటికి గాట్లు వేస్తూ పోతే ముక్క చాల్లేదు. గుడ్డ చివరికంటా కాజాల పట్టీ లాగా అయిపోయి, చేతిలో చిరిగింది.

ఇందులో నాకు తెలియంది ఒకటుంది. నేను పాపతో వాళ్ల నాన్న మీద ఒక్క చెడ్డమాట చెప్పలేదు. తిట్టలేదు. మంచినీళ్లిమ్మన్నాను, మర్యాదగా నిలబడమన్నాను. ఇంత మర్యాదతో మనిషిని గుమ్మం దాటించవచ్చని నాకు నిజంగా తెలియదు. లేక తెలుసా? సున్నా నుంచి ఆరు దాకా ఎక్కడ చుట్టాలి దీన్ని?

సెప్టెంబర్ 23, సోమవారం

ఒక్కదాన్నే వెళ్లాను. మూడంతస్తులూ ఎక్కాను, లిఫ్టు ఆయన బాగుచేసిందేమోనని ఎక్కబుద్ధి కాలేదు. అపాయింట్‌మెంట్ లేదు, కూర్చున్నాను. రెండు జంటలు వెళ్లాక పిలిచింది.

"మా అమ్మాయి చుట్టిన సున్నా సున్నాయేనమ్మా," అన్నాను. "ఆయన చుట్టిన నాలుగు కూడా నాలుగే. అది నాది. మొన్న మిమ్మల్ని మాటతో దాటేశాను."

కౌన్సెలరమ్మ కలం మూసింది. ఆవిడకు ఆశ్చర్యం కలగలేదనిపించింది. ఎందుకు చెబుతున్నారని అడిగింది. రెండు ముక్కలు సరిగ్గానే కత్తిరించారు, మధ్యలో నా గుడ్డ ఒకటి ఇరుక్కుంది, అందుకని ముడత పడింది అన్నాను.

అప్పుడు ఇంకోటి అడిగింది. ఆయన వారానికి మూడు రోజులు తీసుకెళ్తే మీకేమవుతుందనుకున్నారు అని. ఇన్నాళ్లుగా ఇన్ని మాటలు చెప్పిస్తున్నాను గానీ ఈ ప్రశ్న నన్ను నేను అడగలేదు.  

చెప్పాను. మా అమ్మాయిని నేనొక్కదాన్నే పెంచాను. ఇంట్లో మగమనిషి ఉండగానే ఒక్కదాన్నే పెంచాను. అలాగే పెంచుతారనుకున్నాను. ఇప్పుడు వీళ్లిద్దరూ విడిపోయి కూడా కలిసి పెంచుతున్నారంటే, మరి నేను అప్పుడు పడ్డదంతా ఏంటి? పడాల్సిన పని లేదా? ఇంతవరకే చెప్పగలిగాను.

తలుపు దాకా వచ్చింది. ఇది నేను చెప్పేది కాదు, మీరే వాళ్లిద్దరి ముందు చెప్పాలి అంది. చెప్పాక వాళ్లు పాపను మీ దగ్గర ఉంచే గంటలు తగ్గించవచ్చు, అసలు వద్దనుకోవచ్చు, నేను అడ్డుపడను అని కూడా అంది. మొహమాటం లేని మనిషి. బడి అయ్యాక మా అమ్మాయి వచ్చేదాకా రోజూ రెండు గంటలు పాప నాతోనే ఉంటుంది. ఆ రెండు గంటల కోసమే నేను పొద్దున లేస్తాను. అది ఆవిడకు చెప్పలేదు. మెట్లు దిగాను.

సెప్టెంబర్ 25, బుధవారం. పదకొండున్నరకు

అయిపోయింది. వచ్చీ రాగానే చెబుతున్నాను, మర్చిపోకముందే. చెప్పులు కూడా కాళ్లకే ఉన్నాయి.

ఆయన చేతిలో కంపెనీ కాగితం ఉంది. సంతకం పెట్టాల్సిన చోట ఖాళీ. మా అమ్మాయి ఆ కాగితాన్నే చూస్తోంది. కౌన్సెలరమ్మ నా వైపు చూసింది.

"బాబూ, ఆ మాట మా అమ్మాయిది కాదు, నాది," అన్నాను. "బంధువు అనే అర్థంలో కూడా కాదు. మీరు రావాలి, పోవాలి అనే అన్నాను. దాని ముందు తలుపు దగ్గర అన్నాను, మీరు లేనప్పుడు ఇంట్లో కూడా అన్నాను."

ఆయన చేతిలో కాగితాన్ని ఒళ్లో బోర్లించి పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు:

"మీరు అనడం నాకు వినపడుతూనే ఉంది అత్తయ్యా. ఇంట్లో మీరిద్దరూ అనుకునేదే మీ నోటి నుంచి బయటికి వస్తోందనుకున్నాను. మీరు సొంతంగా అంటున్నారని అనుకోలేదు."

ఈ మాట నాకు కొంచెం తగిలింది. నా అంతట నాకు మాటలు ఉండవనుకున్నాడా అని. కానీ అది పోట్లాడే సమయం కాదు.

మా అమ్మాయి నా వైపు తిరగలేదు. మేం ఒక పది నిమిషాలు బయట మాట్లాడుకుంటాం అని కౌన్సెలరమ్మతో అంది. ఇద్దరూ వరండాలోకి వెళ్లారు. మబ్బు అద్దంలోంచి చూశాను. రెండు నీడలు. ఒకటి చెయ్యి ఊపితే ఇంకోటి ఆగుతోంది, అది తల ఆడిస్తే ఇది మొదలుపెడుతోంది. ఎవరూ ఎవరి మీదా పడలేదు.

తిరిగొచ్చి చెప్పారు. ఒక మాట ఆయన, ఒక మాట ఇది. ఆయన వేరే ఊరు వెళ్లడం లేదు. వచ్చే వారం నుంచి బుధవారం ఆయనది. సోమ మంగళవారాలు బడి అయ్యాక పాప అక్కడే బడిలో ఉంటుంది, పిల్లల్ని చూసుకునే టీచర్ ఉంటుందట. నా దగ్గర గురువారం, శుక్రవారం. మూడు నెలలు చూసి మళ్లీ మాట్లాడుకుంటారు. పాప దగ్గర ఆ మాట వాడితే ఆ రెండూ కూడా ఉండవు. మా అమ్మాయి ఈ చివరిది సగంలో ఆపేసింది. మిగిలిన సగం ఆయన పూర్తి చేశాడు. మర్యాదగానే చేశాడు.

ముందే అనుకుని వచ్చినట్టు ఎంత పొందికగా చెప్పారో. అరుపుల్లేవు, ఎత్తిపొడుపుల్లేవు, శిక్ష ఉంది, గడువు ఉంది. అల్లరి చేసిన పిల్లకి చెప్పినట్టే చెప్పారు. నన్ను పెంచే పనిలో వాళ్లిద్దరికీ ముప్ఫై రెండుకి ముప్ఫై రెండూ వేయాలి.

ఒప్పుకున్నారా అని కౌన్సెలరమ్మ అడిగింది. నన్ను అడిగిందని ముందు అర్థం కాలేదు.

సెప్టెంబర్ 26, గురువారం

మా అమ్మాయి మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది, నీళ్లు పెడుతోంది. ఒక్కటే అంది, అదీ స్టవ్ వైపు తిరిగి. "విన్నావా అని నేను అడిగినప్పుడు నువ్వు ఎంత చక్కగా లేదన్నావమ్మా."

దీనికి వాదన లేదు. టైపమ్మా, ఖాళీ వదిలెయ్ కాస్త.

సెప్టెంబర్ 30, సోమవారం. సాయంత్రం

మొదటి సోమవారం. నాలుగయ్యేసరికి కాళ్లు వాటంతటవే బడి దారి పట్టాయి. సందు మలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఊరికే వచ్చినట్టు ఉండకూడదని బటన్లు కొనుక్కొచ్చాను. ఇంట్లో రెండు డబ్బాల బటన్లున్నాయి.

ఆరింటికి తల్లితో వచ్చింది పాప. బడిలో గడ్డి మీద దొర్లారట, ఒకడికి చెవిలో చీమ దూరిందట. ఆపకుండా చెప్పింది. నేను లేకుండా ఇంత జరిగింది దానికి. ఆశ్చర్యంగా విన్నాను, నిజంగానే.

మా అమ్మాయి ఏడింటికి ఫోన్ పట్టుకుని పెరటి గుమ్మంలోకి వెళ్లింది. నేను లేచి కుర్చీ ఒకటి తీసుకెళ్లి అక్కడ వేసి వచ్చాను. కూర్చుంది. ఇటు చూడలేదు గానీ కూర్చుంది.

అక్టోబర్ 3, గురువారం

నా రోజు. బడి నుంచి వస్తూ దారిలో పాప లెక్కలు చెప్పింది. నాన్న శనివారం, ఆదివారం, బుధవారం అట. అమ్మ మిగిలినవన్నీ అట. కాసేపు నడిచి అడిగింది.

"అమ్మమ్మా, నువ్వు నాకు ఏ వారం?"

గురువారం, శుక్రవారం అని చెప్పాను.

నా చెయ్యి వదిలి వేళ్లు మడిచి చూసుకుంది.

"అబ్బో," అంది. "రెండున్నావే."